క్యాచర్ తరఫు వకీలు

ఆ చలికాలమంతా వసుమతి న్యూస్‌పేపర్‌ని వెనక పేజీ నుంచి చదివింది. పద్దెనిమిదేళ్ళ అమెరికా కాపురంలో అంతకుముందు ఆ ఆటల పేజీలు కూరగాయల తొక్కలు పోయడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇప్పుడు భర్త ఆదిశేషు ఆఫీసుకి వెళ్ళగానే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, బేస్‌బాల్ కబుర్ల కోసం వెతుక్కునేది.

ఆట లేని రోజుల్లో ఆట గురించి ఇంత రాస్తారని ఆమెకు తెలియదు. అక్టోబరుతో పోటీలు అయిపోతాయి. మైదానాల మీద మంచు పేరుకుంటుంది. పేపర్లో మాత్రం ఫలానా ఆటగాణ్ణి సియాటిల్‌కి ఇచ్చేస్తారట, బదులుగా బంతి విసిరే కుర్రాళ్ళను ఇద్దరిని అడుగుతున్నారట, టెక్సాస్ వాళ్ళు కూడా కన్నేశారట అని ఒకటే గుసగుసలు. పెళ్ళిళ్ళ పేరయ్య మాటలకీ వీటికీ పెద్ద తేడా కనిపించలేదామెకు. 'ట' లేని వాక్యం ఒక్కటి ఉండేది కాదు.

ఆమె వెతికేది ఒక్క పేరే. రోలండ్ టిబ్స్. క్యాచర్. బ్యాట్ పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టే మనిషి. "మన వికెట్‌కీపర్ అనుకో" అని ఆదిశేషు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

వసుమతి వాళ్ళమ్మాయి విద్య చూస్తున్న కేసు ఆ టిబ్స్‌ది. విద్యకి పాతికేళ్ళు. ఒక్కతే కూతురు. కిందటి ఏడాది లా పూర్తి చేసి న్యూయార్క్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరింది. ఆటగాళ్ళ తరఫున జట్ల యజమానులతో జీతాల గురించి మాట్లాడే ఆఫీసు అది. ప్లెయిన్స్‌బరోలో ఇంటి నుంచే రోజూ ట్రెయిన్‌లో వెళ్ళొస్తోంది.

జనవరిలో ఆండాళ్ వాళ్ళింట్లో శనివారం భోజనాల దగ్గర నలుగురాడవాళ్ళు చేరినప్పుడు, "మీ విద్య ఏం చేస్తోందే?" అని ఆండాళ్ అడిగింది. ఆండాళ్ కొడుకు ఉదయ్ బోస్టన్‌లో డాక్టరు.

"ఏదోలే, ఆటగాళ్ళ ఆఫీసులో కాగితాల పని" అంది వసుమతి. "మీ ఉదయ్‌లాగా ప్రాణాలు నిలబెట్టే పనా ఏమన్నానా!"

వెనకే ప్లేట్‌తో నిలబడి ఉన్న విద్య ఆ మాట విని పెరుగన్నం కోసం పక్కకి వెళ్ళిపోయింది. వసుమతికి అది కొత్త కాదు. బిడ్డని ఎదుట పొగిడితే ఆయుక్షీణమని ఆమె పెరిగిన ఇంట్లో అందరూ నమ్మారు. విద్యకి లా స్కూల్లో సీటొచ్చిన రోజున కూడా ఆమె ఫోన్లో అందరికీ "వచ్చిందిలే, చూడాలి ఏం చదువుతుందో" అనే చెప్పింది. చెప్పి, ఫోన్ పెట్టేసి, బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని అద్దంలో తనని తాను చూసుకుని నవ్వుకుంది. ఆ నవ్వు ఎవరి కంటా పడలేదు.

టిబ్స్ కేసు ఏమిటో వంటింట్లో చపాతీలు కాలుస్తుండగా విద్య చెప్పింది.

"కొత్తగా వచ్చినవాడికి టీమ్ ఎంతిస్తే అంతే, అమ్మా. ఆరేళ్ళు దాటితే ఫ్రీ, ఎక్కడికైనా వెళ్ళొచ్చు. మధ్యలో ఉన్నాడు చూడు, వాడికి వేరే టీమ్‌కి వెళ్ళే రైట్ లేదు, కానీ జీతం దగ్గర గొడవొస్తే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్ళొచ్చు. టిబ్స్ అలాంటివాడు."

"అంటే తీర్పు చెప్పే పెద్దమనిషన్నమాట."

"అవును. మనం ఒక నంబర్ ఇస్తాం. టీమ్ ఒక నంబర్ ఇస్తుంది."

డైనింగ్ టేబుల్ దగ్గర నుంచి ఆదిశేషు అందుకున్నాడు. "మిలియన్ అడగండి! వాళ్ళు కోస్తారు, మీరు దిగుతారు, చివరికి సగం దగ్గర తెగుతుంది. బేరమంటే అదే."

"తెగదు నాన్నా! ఆయన మధ్యలో నంబర్ చెప్పకూడదు. మనదైనా తీసుకోవాలి, వాళ్ళదైనా తీసుకోవాలి. ఎక్కువ ఆశపడ్డామా, వాళ్ళ నంబరే ఇచ్చేస్తాడు."

ఆదిశేషు చపాతీ ముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "సగం చేయకూడదా? మరి అదేం పెద్దమనిషి తరహా!"

విద్య ఆఫీసు నాలుగు లక్షల పదివేలు అడిగింది. జట్టు రెండు లక్షల తొంభై వేలు ఇస్తానంది. మధ్యగీత మూడున్నర లక్షల దగ్గర పడుతుంది. టిబ్స్ విలువ ఆ గీతకి ఒక్క డాలరు పైన ఉందని నమ్మించగలిగితే చాలు, అడిగినదంతా వస్తుంది. నమ్మించలేకపోతే జట్టు చెప్పినదే ఖాయం.

"పేపర్లో అతన్ని అమ్మేస్తారని రాస్తున్నారు కదా, అది చెప్తారా వాళ్ళు?" అని అడిగింది వసుమతి.

"చెప్పకూడదు. పేపర్లో రాసిందీ, జనం అనుకునేదీ అక్కడ ఎవిడెన్స్ కాదు."

"నలుగురూ ఏమనుకుంటున్నారో పనికిరాదా?"

"రాదు."

వసుమతి పెనం మీద చపాతీ తిప్పడం మర్చిపోయింది. ఎంత మంచి చట్టం అనుకుంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం విచారణ. విద్య బాస్ డోలన్‌కి అదే వారం లాస్ ఏంజెలెస్‌లో ఇంకో పెద్ద ఆటగాడి కేసు పడింది. టిబ్స్ తరఫున నువ్వే మాట్లాడు అని విద్యకి చెప్పి విమానం ఎక్కేశాడు. ఆ ఆఫీసులో అప్పటిదాకా ఏ ఆడపిల్లా ఆ బల్ల దగ్గర లేచి నిలబడి మాట్లాడలేదు. బాగా చేస్తే ఇంకో కేసు వస్తుంది. పాడుచేస్తే మళ్ళీ వెనక గదిలో అంకెలు కూడుకోవడమే. అంతకంటే ముందు, టిబ్స్‌కి ఒక ఏడాది కష్టం పోతుంది. విద్య ఆ వారమంతా సరిగ్గా తినలేదు.

ఆదివారం మధ్యాహ్నం టిబ్స్‌ని భోజనానికి తీసుకొచ్చింది. ఆర్కన్సా నుంచి వచ్చి న్యూయార్క్ హోటల్లో ఒంటరిగా కూర్చున్నాడు పాపం అంది. మనిషి గుమ్మానికి అడ్డం పడేంత వెడల్పు. ముప్ఫై కూడా నిండలేదు కానీ కుర్చీలోంచి లేవాలంటే బల్ల మీద చెయ్యి ఆనించాల్సిందే. మాటకి ముందొక 'మ్యామ్', వెనకొక 'మ్యామ్' వేసేవాడు. పప్పు, బెండకాయ వేపుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఆవకాయ దగ్గర మాత్రం ఒకసారి కళ్ళు తుడుచుకుని, "ఇది మా జట్టు యజమానికి పెట్టాలి మ్యామ్" అన్నాడు.

భోజనాలయ్యాక విద్య బల్ల ఖాళీ చేయించింది. ఉత్తుత్తి విచారణ జరపాలంది. ఆదిశేషు జట్టు తరఫు లాయరు. వసుమతి ఆర్బిట్రేటరు. టిబ్స్ టిబ్సే. అక్కడ ఆటగాడు నోరెత్తకుండా కూర్చుని తన లోపాలన్నీ వినాలి, అది అలవాటు కావాలి అని అతనికి చెప్పింది.

ఆదిశేషు మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టు. తప్పులు పట్టినందుకే ఆయనకి జీతమిస్తారు. ఇంట్లో ఆ పని ఉచితంగా చేసేవాడు. కోటు తొడుక్కుని మరీ వచ్చి నిలబడ్డాడు.

"ఈ పెద్దమనిషి నాలుగుసార్లు బ్యాట్ పట్టుకుంటే మూడుసార్లు ఖాళీ చేతులతో తిరిగొస్తాడు" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "కిందటి ఆగస్టులో మోకాలి నొప్పితో బెంచీ మీద కూర్చున్నాడు. నేను స్వయంగా చూశాను, ఈ ఇంట్లో కుర్చీలోంచి లేవడానికే కష్టపడుతున్నాడు. ఇటువంటి మోకాళ్ళకి రెండు లక్షల తొంభై వేలు ఇస్తామనడమే మా దయ."

టిబ్స్ దవడ బిగుసుకుంది. చేతులు బల్ల కిందికి వెళ్ళిపోయాయి.

విద్య లేచింది. గొంతు సవరించుకుంది. "టిబ్స్ గొప్ప బ్యాటర్ అని మేమూ అనడం లేదు. మోకాలు ఇబ్బంది పెట్టిన మాట నిజమే. ఇంకా మెరుగుపడాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. అయినప్పటికీ…"

ఆ 'అయినప్పటికీ' తర్వాత చాలా మంచి సంగతులు చెప్పింది. ఒక్కటీ వసుమతి చెవికెక్కలేదు. ఆమె టిబ్స్ ముఖమే చూస్తోంది. జట్టు లాయరు తిట్టినప్పుడు బిగుసుకున్న దవడ, తన లాయరు మాట్లాడుతుంటే వేలాడిపోయింది.

"నీ తీర్పేమిటి?" అన్నాడు ఆదిశేషు, కోటు గుండీ పెట్టుకుంటూ.

"జట్టుదే" అంది వసుమతి.

"వాట్! నాన్న గెలిచాడా?" విద్య తెలుగులోకి దిగిపోయింది. "ఎట్లా గెలిచాడమ్మా? నాన్నకి ఒక్క గేమ్ తెలీదు!"

"ఆయన గెలవలేదే. నువ్వే ఇచ్చేశావు. మొదటి మాటే అంత గొప్పవాడు కాదంటే, ఇక పైన డబ్బెవరిస్తారు?"

"అది హానెస్టీ! మన తప్పులు మనమే ముందు చెప్పేస్తే వాళ్ళు చెప్పడానికి ఏమీ మిగలదు కదా!"

"ఎవరు చెప్పారు అట్లా?"

"ఎవరు చెప్పడమేంటి? నువ్వు! నువ్వు ఎప్పుడూ ఇట్లాగే మాట్లాడతావు!" విద్య గొంతు పెద్దదైంది. "ఆండాళ్ ఆంటీ అడిగితే ఏదో కాగితాల పని అన్నావు. ఏ ఆంటీ అడిగినా అంతే. నాకు వేరేలా మాట్లాడడం ఎక్కడొస్తది?"

టిబ్స్ ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసి, "ఏమంటున్నారు సార్?" అని ఆదిశేషుని అడిగాడు.

"నువ్వు ఓడిపోయావంటున్నారు" అని ఆదిశేషు సంతోషంగా అనువదించాడు.

విద్య కుర్చీలో కూలబడింది. "సరే. నువ్వే చేసి చూపించు."

"నాకేం తెలుసే ఆ ఆట?"

"నీకు తెలిసిన ప్లేయర్ గురించే చెప్పు" అన్నాడు ఆదిశేషు. చెప్పి, టిబ్స్ వైపు తిరిగాడు. "మిస్టర్ టిబ్స్, కేసు మారింది. ఇప్పుడు ఆర్బిట్రేటర్ మీరు. ఆటగాడు మా అమ్మాయి. నేను మళ్ళీ జట్టు తరఫే."

వాళ్ళు సరదాకి అంటున్నారో నిజంగా అంటున్నారో టిబ్స్‌కి తెలియలేదు. అయినా కుర్చీ సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

ఆదిశేషు ఆలోచించుకోవలసిన అవసరమే లేకపోయింది. "మెడికల్ స్కూల్‌కి అప్లయ్ చేయమంటే చేయలేదు. కార్‌తో గరాజ్ తలుపుని గుద్దింది, తలుపుదే తప్పంది. పాతికేళ్ళొచ్చినా చారు పెట్టడం రాదు. మా స్నేహితుల అబ్బాయి ఉదయ్‌తో పోలిస్తే…"

"నాన్నా, దట్స్ నాట్…"

టిబ్స్ వేలెత్తాడు. "ఆటగాడు మాట్లాడకూడదు. మీరే చెప్పారు."

విద్య మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలింది.

వసుమతి లేచి నిలబడింది. చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఒక రకంగా అదే మేలనిపించింది. ఇంగ్లీషులో అంటే దిష్టి తగలదేమో.

"మా అమ్మాయి చాలా గొప్పది" అంది.

అని ఆగిపోయింది. గదిలో ఆ మాట వినిపించింది. ఇంటి కప్పు అలాగే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

"మేం ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం. చెప్పుల షాపులో నాకు ఇంగ్లీషు రాదనుకుని ఒకాయన గట్టిగా అరుస్తూ, ఒక్కొక్క ముక్కా విరిచి విరిచి మాట్లాడాడు. నాకు ఇంగ్లీషు వచ్చు, కానీ సిగ్గు. దీనికప్పుడు ఏడేళ్ళు. మా అమ్మకి చెవుడు లేదు, మామూలుగా చెప్పండి అంది. ఆయన మామూలుగా చెప్పాడు. ఆ రోజు నుంచి ఇది ఎవరో ఒకరి తరఫున మాట్లాడుతూనే ఉంది."

విద్య తల వంచుకుని గోళ్ళు చూసుకుంటోంది.

"ఇక ఉదయ్ సంగతి" అని ఆదిశేషు వైపు తిరిగింది వసుమతి. "ఎవరితో పోల్చాలో కూడా ఒక పద్ధతుంది కదా. ఉదయ్ మంచి పిల్లవాడు. కాదనను. కానీ వాళ్ళ నాన్న డాక్టరు, బాబాయి డాక్టరు, మేనత్త డాక్టరు. ఏ పుస్తకం చదవాలో, ఏ కాలేజీకి వెళ్ళాలో ఇంట్లోనే నలుగురు చెప్పారు. మా అమ్మాయికి లా గురించి చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే కాదు, మాకు తెలిసిన ఏ ఇంట్లోనూ లేరు. ఎవరూ నడవని చోట ఇది ఒక్కతే నడిచింది. అందుకని పోల్చడానికి వీల్లేదు."

ఆదిశేషు కోటు గుండీ విప్పుకున్నాడు.

"ఈ చలికాలం ఏం చేసిందో చెప్తాను. ఈ మనిషి ఆడిన ఆటల కాగితాలన్నీ తెచ్చుకుని ఈ బల్ల మీదే పరుచుకుంది. బంతి పడేలోపల దొంగచాటుగా ముందుకి పరిగెత్తేవాళ్ళని ఇతను ఎంతమందిని ఆపాడో అందరూ లెక్కపెడతారు. ఇతను వెనక కూర్చుని ఉంటే అసలు పరుగు మొదలుపెట్టడానికే భయపడినవాళ్ళుంటారు కదా? కదలకుండా ఉన్న చోటే ఉండిపోయినవాళ్ళు? వాళ్ళని ఎవరు లెక్కపెడతారు? మా అమ్మాయి లెక్కపెట్టింది. ఇంకొకరు వెనక కూర్చున్నప్పుడు పరిగెత్తిన మనుషులే ఇతను కూర్చున్నప్పుడు పరిగెత్తలేదని ఒక్కొక్కరి పేరుతో చూపించింది. జరగనిదాన్ని చూడగలిగే కళ్ళు దీనివి. అయిపోయింది."

కూర్చుంది.

టిబ్స్ విద్య వైపు తిరిగాడు. "మీరు అది లెక్కపెట్టారా?" అన్నాడు. "ఆ కుర్రాళ్ళు నన్ను చూసి ఆగిపోవడం నాకు తెలుసు. వాళ్ళ కాళ్ళు కనిపిస్తాయి నాకు. ఇంకెవరికీ తెలియదనుకున్నాను."

"నా ప్రెజెంటేషన్ చివర్లో ఉంది" అంది విద్య మెల్లగా.

"చివర్లోనా!" అన్నారు వసుమతీ టిబ్సూ ఒకేసారి.

ఆదిశేషు బల్ల మీద తట్టాడు. "ఆర్బిట్రేటర్ గారూ, తీర్పు?"

"కారణాలు చెప్పక్కర్లేదు కదా సార్?" అన్నాడు టిబ్స్. "అమ్మగారి నంబరే."

ఆ సాయంత్రం విద్య తను రాసుకున్నదంతా కింద నుంచి పైకి తిరగరాసింది. 'అయినప్పటికీ' అన్న ప్రతి చోటా అడ్డంగా గీత కొట్టింది. మోకాలి సంగతి వాళ్ళెత్తితే జవాబు చెప్పాలి, మనంతట మనం ఎత్తకూడదని తనే పైకి చెప్పుకుంటూ హాల్లో అటూ ఇటూ తిరిగింది. టిబ్స్‌ని ట్రెయిన్ ఎక్కించి వచ్చిన ఆదిశేషు సోఫాలో కూర్చుని, అడక్కపోయినా, మోకాలి గురించి నాలుగు రకాలుగా అడిగాడు. నాలుగింటికీ జవాబు వచ్చింది. ఐదోది ఆయనకి దొరకలేదు.

మంగళవారం సాయంత్రం విద్య బూట్లు కూడా విప్పకుండా వచ్చి సోఫాలో పడింది.

"వాళ్ళ లాయర్ కంటే నాన్నే నయం" అంది కళ్ళు మూసుకునే. "టిబ్స్ అసలు ఆడటం దండగ అన్నట్టు మాట్లాడాడమ్మా. వాళ్ళ టీమ్‌లో ఆడే మనిషి! అతని ముందే!"

"టిబ్స్ ఏం చేశాడు?"

"ఏమీ చేయలేదు. నా వైపు చూశాడంతే. నేను లేచి, రోలండ్ టిబ్స్ ఈ లీగ్‌లో ఉన్న మంచి క్యాచర్లలో ఒకడు, ఎందుకో చెప్తాను అన్నాను. అంతే, ఆ మాటతోనే స్టార్ట్ చేశాను. పరిగెత్తనివాళ్ళ చార్ట్ చూపించేటప్పుడు ఆర్బిట్రేటర్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. వాళ్ళ లాయర్‌ని అడిగితే, అట్లాంటి లెక్క మేం ఎప్పుడూ చూడలేదన్నాడు. తప్పని మాత్రం అనలేదు."

"మరి ఇస్తాడా?"

"రేపు ఫోన్ చేస్తారు. ఒక్క నంబర్ చెప్తారు. ఎందుకో చెప్పరు." విద్య కళ్ళు తెరిచింది. "ఓడిపోయినా ఫర్వాలేదమ్మా. నేను బాగా చేశాను."

'ఏదోలే' అని నాలుక చివరిదాకా వచ్చింది వసుమతికి. అలవాటు. మింగేసింది. "చేసే ఉంటావు" అని కంచం పెట్టడానికి లేచింది.

బుధవారం పదకొండు దాటాక ఫోన్ మోగింది. వసుమతి అన్నం పొయ్యి మీద వదిలేసి పరిగెత్తింది.

"అమ్మా." అవతల వెనక ఎవరో కేకలు వేస్తున్నారు. "మన నంబరే."

"నాలుగు…"

"మన నంబరే అమ్మా! టిబ్స్ ఏడుస్తున్నాడు. డోలన్ లాస్ ఏంజెలెస్ నుంచి ఫోన్ చేశాడు. వచ్చే సీజన్‌కి ఇద్దరు ప్లేయర్లని నాకే ఇస్తాడంట. నేను మళ్ళీ చేస్తా, ఓకే? నాన్నకి నువ్వే చెప్పు!" ఫోన్ పెట్టేసింది.

వసుమతి ఆదిశేషు ల్యాబ్‌కి ఫోన్ చేసింది. పని వేళల్లో ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ఆయనకి నచ్చదు. అందుకని ఎప్పుడూ చేసేది కాదు.

"ఏమండీ, అమ్మాయి గెలిచింది."

రిసీవరు ఇంకా దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చెప్పింది.

"వినిపించిందా? నాలుగు లక్షల పదివేలూ ఇచ్చేశారు. మన విద్యే మాట్లాడి గెలిపించింది."

"ఒక్క నిమిషం ఉండు" అన్నాడు ఆదిశేషు. గొంతు మామూలుగానే ఉంది. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత దూరం నుంచి, ల్యాబులో గాజు సామాను చప్పుళ్ళ మధ్య నుంచి, ఆయన గొంతు ఇంగ్లీషులో గట్టిగా వినిపించింది. జెంటిల్మెన్, పని ఆపండి. మా అమ్మాయి ఈ రోజు న్యూయార్క్‌లో ఒక బేస్‌బాల్ జట్టు మీద కేసు గెలిచింది. మా అమ్మాయి. లాయరు. కాదు, పెద్ద లాయరు కాదు, ఇరవై అయిదేళ్ళు, ఇదే మొదటి కేసు. ఎట్లా గెలిచిందో చెప్తాను, కూర్చోండి. క్యాచర్ అంటే వెనక కూర్చుంటాడే, అతన్ని చూసి పరిగెత్తనివాళ్ళుంటారు చూడండి…

పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వస్తోంది. వసుమతి తీగ ఎంత సాగుతుందో అంత లాగి, చెయ్యి చాపి పొయ్యి కట్టేసి, మళ్ళీ రిసీవరు చెవికి ఆనించుకుంది. ఆయన ఇంకా మోకాలి దాకా రాలేదు. అన్నీ చెప్పేదాకా ఆమె ఫోన్ పట్టుకునే ఉంది.